పచ్చిగాయం, పథ్యం, పరిభాష: పాతబస్తీ నేపథ్యంలో నర్సింగ్ గాయసంరక్షణ భాషపై విమర్శ

వ్యాససంగ్రహం

శస్త్రచికిత్స అనంతరం గాయానికి చీము పట్టకుండా చూడటం, పట్టినప్పుడు వెంటనే గుర్తించి చికిత్సకు దారి చూపడం నర్సింగ్ వృత్తిలో ప్రధానమైన పని. ఆ పనిలో కొంత వార్డులో చేతితో జరుగుతుంది. మిగిలినది రోగి ఇంటికి వెళ్ళేటప్పుడు చెప్పే మాటతో జరుగుతుంది. ఆ మాట తెలుగులో ఏ రూపంలో ఉన్నదో, అది విన్న ఇంట్లో అప్పటికే గాయాన్ని గురించి ఎటువంటి భాష, భావన స్థిరపడి ఉన్నాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తెలుగు ఇంటిభాషలో గాయం ‘పచ్చి’ నుంచి ‘ఎండు’కు సాగే వస్తువు, ఆధునిక గాయశాస్త్రంలో అది కణజాలం తిరిగి పెరిగే ప్రక్రియ. ఈ రెండు భావనల మధ్య ఉన్న దూరాన్ని ‘సంక్రమణ’, ‘పరిశుభ్రత’ వంటి పరిభాషాపదాలు దాటలేకపోతున్నాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: గాయసంరక్షణ, చీము, సెప్టిక్, పథ్యం, పచ్చి–ఎండు, అంటు, సుశ్రుతసంహిత, దక్కనీ, పాతబస్తీ.

1. ఉపోద్ఘాతం

మూసీనదికి ఉత్తరపు గట్టున అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా జనరల్ ఆసుపత్రి ఉంది. దక్షిణపు గట్టున, సిటీ కాలేజీకి సమీపంలో, పేట్లబురుజు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి ఉంది. లాల్‌దర్వాజా, ఉప్పుగూడ, శాలిబండ, చాంద్రాయణగుట్ట ప్రాంతాల పేదకుటుంబాలు తరతరాలుగా ఆశ్రయించినవి ఈ రెండు గడపలే. కుట్లు పడిన మనిషిని ఆటోలో ఇంటికి తీసుకువెళ్ళే దృశ్యం ఆ గేట్ల ముందు నిత్యం కనిపించేదే.

ఆ కుట్లలో అధికభాగం ఏ శస్త్రచికిత్సవో ఊహించడం కష్టం కాదు. అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం తెలంగాణలో జరిగిన ప్రసవాలలో 60.7 శాతం సిజేరియన్ ద్వారా జరిగాయి. దేశంలోని రాష్ట్రాలన్నింటిలో ఇదే అత్యధికం. అంటే ఈ రాష్ట్రంలో బిడ్డను కన్న ప్రతి అయిదుగురు స్త్రీలలో ముగ్గురు పొత్తికడుపు మీద మానవలసిన గాయంతో ఇల్లు చేరుతున్నారు. ఈ శాతం ఎందుకు ఇంత పెరిగిందన్నది వేరే చర్చ. భాషావిమర్శకు సంబంధించినంతవరకు దీని అర్థం ఒకటే: గాయసంరక్షణ అన్నది తెలుగునాట ప్రత్యేక రోగుల విషయంగా మిగలలేదు, బాలింత ఉన్న ప్రతి ఇంటి విషయంగా మారింది.

శస్త్రచికిత్స స్థానంలో కలిగే ఇన్‌ఫెక్షన్‌ను లెక్కించేటప్పుడు వైద్యశాస్త్రం ఆపరేషన్ రోజు నుంచి 30 రోజుల గడువును పాటిస్తుంది. శరీరంలో ఇంప్లాంటు అమర్చిన కొన్ని శస్త్రచికిత్సలకు ఆ గడువు 90 రోజులు. బాలింత వార్డులో ఉండేది ఆ ముప్పైలో కొద్ది రోజులే. మిగిలిన రోజులలో కట్టు దగ్గర మొదటి మార్పును చూసేది నర్సు కళ్ళు కావు. తల్లి, అత్త, ఆడపడుచు, లేదా స్నానం చేయించడానికి వచ్చిన పెద్దామె చూస్తుంది. ఆమె చూసినదానికి ఏ పేరు పెడుతుందన్న దాన్నిబట్టి బాలింత ఆసుపత్రికి తిరిగి వస్తుందో రాదో నిర్ణయమవుతుంది.

వార్డులోను ఇంట్లోను గాయం గురించి వాడుకలో ఉన్న పదజాలం, తెలుగు ఆరోగ్యసూచనల వాక్యనిర్మాణం, సుశ్రుతసంహితలోని ‘వ్రణితోపాసనీయ’ అధ్యాయం, ప్రపంచ ఆరోగ్యసంస్థ మార్గదర్శకాలు, వార్తాభాషలోని ఒక క్రియాపదం ఇక్కడ విమర్శకు ఆధారాలు.

2. రెండు గట్ల భాష

మూసీ గట్టున వైద్యం దేశభాషలో జరిగిన కాలం ఒకటి ఉంది. 1846లో నెలకొన్న హైదరాబాదు వైద్యపాఠశాలలో తొలినాళ్ళ బోధన ఉర్దూలో సాగింది. 1917లో ఏర్పడిన దారుల్ తర్జుమా శాస్త్రగ్రంథాలను ఉర్దూలోకి అనువదించే పని చేపట్టగా, 1918లో ఉర్దూ బోధనభాషగా ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం వైద్యవిద్యను కూడా ఆ భాషలోనే అందించింది. 1948 తర్వాత ఆ ఏర్పాటు ముగిసి ఇంగ్లీషు వచ్చింది. తెలుగుకు మాత్రం ఆ గట్టున వైద్యభాషగా నిలబడే అవకాశం అప్పుడూ రాలేదు, తర్వాతా రాలేదు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పరిభాష మీద చేసిన కృషి విలువైనదే గాని, దాని దృష్టి తరగతిగది మీద నిలిచింది. మంచం పక్కన నిలబడి మాట్లాడే మాట ఎవరి ప్రణాళికలోను చేరలేదు.

ఫలితంగా పాతబస్తీ వార్డులో మూడు భాషలు ఒకే మంచం చుట్టూ తిరుగుతాయి. కేసుషీటు ఇంగ్లీషులో ఉంటుంది. సిస్టరు తెలుగులో మాట్లాడుతుంది, అవసరాన్నిబట్టి దక్కనీలోకి మారుతుంది. రోగి వెంట ఉన్నవారు తమ భాషలో ఒకరికొకరు చెప్పుకుంటారు. ‘కుట్లు’ దక్కనీలో ‘టాంకే’, ‘చీము’ ‘పీప్’, ‘గాయం’ ‘జఖం’, ‘కట్టు’ ‘పట్టీ’ అవుతాయి. ఈ మార్పిడి దాదాపు ఏ శిక్షణా లేకుండానే సాఫీగా జరుగుతోంది. అందుకు కారణం ఈ పదాలన్నీ రెండువైపులా ఇంటిపదాలు కావడమే. చిక్కు వచ్చేది ‘సంక్రమణ’ దగ్గర. దానికి వార్డులో దక్కనీ మాట దొరకదు. ఆ మాటకొస్తే తెలుగు మాట కూడా దొరకదు.

3. సంక్రమణ, ఇన్‌ఫెక్షన్, సెప్టిక్

‘సంక్రమణ’ అన్న పదానికి తెలుగు పాఠకుడి మనసులో మొదట స్ఫురించేది మకర సంక్రమణమే. ఒకచోటి నుంచి మరొకచోటికి దాటడం అనే ధాత్వర్థం వ్యాధివ్యాప్తికి సరిపోతుంది. అంటురోగాల పాఠంలో ఆ పదం నిలబడుతుంది కూడా. కాని కుట్ల దగ్గర చర్మం వేడెక్కి, ఉబ్బి, లోపల సలుపు పెడుతున్న స్థితికి అది ఏమాత్రం బొమ్మ కట్టదు. ‘శస్త్రచికిత్సాస్థాన సంక్రమణ’ అన్న సమాసాన్ని ఒక ఆరోగ్యసూచికలో అచ్చువేస్తే తెలుగు ఎం.ఏ. చదివినవారు కూడా ఒకసారి ఆగి చదవవలసి వస్తుంది.

దీనికన్న ‘ఇన్‌ఫెక్షన్’ మేలు. అది ఇప్పుడు తెలుగు మాటే. దానికి తెలుగు జతచేసిన క్రియ కూడా గమనించదగినది: ఇన్‌ఫెక్షన్ ‘సోకింది’ అంటారు. సోకడం తాకడమే, గాలి సోకుతుంది, వాసన సోకుతుంది, దయ్యం కూడా సోకుతుంది. కావ్యభాషలో ‘సోకు’ అంటే రాక్షసుడు. కంటికి కనిపించనిది తాకి కీడు చేయడమనే భావానికి ఇంత సహజమైన క్రియ ఉన్న భాష ‘సంక్రమణ చెందుట’ వంటి ప్రయోగాన్ని ఆశ్రయించనవసరం లేదు.

‘సెప్టిక్’ చరిత్ర వేరు. కుళ్ళడం అన్న అర్థమున్న గ్రీకు మూలం నుంచి ఇంగ్లీషు ద్వారా వచ్చిన ఈ పదం తెలుగు పల్లెల్లో, బస్తీల్లో పూర్తిగా స్థిరపడింది. ‘పుండు సెప్టికయింది’ అంటే చదువురానివారికి కూడా తెలుస్తుంది. అంతకుముందు ఆ స్థానంలో ఉన్న దేశ్యపదం ‘నంజు’. తమిళంలో ‘నంజు’ అంటే విషమే. తెలుగులోనూ విషమన్న అర్థంతో పాటు చెడిన పుండుకు సంబంధించిన అర్థం నిలిచింది. విషం, కుళ్ళు అనే రెండు ఊహలూ వైద్యచరిత్రలో గాయజ్వరానికి వాడిన ఊహలే కావడం కేవలం యాదృచ్ఛికం కాకపోవచ్చు.

అయితే ‘సెప్టిక్’ వల్ల రెండు ప్రమాదాలున్నాయి. మొదటిది, చిన్న పుండుకు పట్టిన చీమునూ, రక్తంలోకి వ్యాపించి ప్రాణం మీదికి వచ్చే ‘సెప్సిస్’నూ ఒకే పదం మోస్తోంది. రెండు గడుల తేడాను ఒక గడి మింగేసింది. ‘మామూలు సెప్టిక్కే, తగ్గిపోతుంది’ అన్న ఇంటిమాటలో ఆ తేడా కనిపించదు. రెండవది, ‘సెప్టిక్ కాకుండా టి.టి. సూది వేయించుకున్నాం’ అనే సర్వసాధారణమైన నమ్మకం. ఆ టీకా ధనుర్వాతాన్ని నివారిస్తుంది. దాని స్థానంలో ప్రభుత్వం ప్రవేశపెట్టిన టి.డి. టీకా ధనుర్వాతంతో పాటు కంఠసర్పినీ నివారిస్తుంది. చీము పట్టించే స్టెఫైలోకాకస్ వంటి సూక్ష్మజీవులతో ఈ సూదికి సంబంధం లేదు. అయినా ఆ సూది పడ్డాక కట్టు మీద కుటుంబం పెట్టవలసిన కన్ను సడలిపోతుంది. ‘టి.టి.’ అన్న రెండక్షరాలను విడదీసి ‘ధనుర్వాతపు సూది’ అని చెప్పి ఉంటే ఈ పొరపాటు ఇంత బలపడేది కాదు.

లక్షణాల వర్ణనలో ఇంటిభాషకు ఉన్న సూక్ష్మత పరిభాషకు లేదు. పలచగా కారేది ‘రసి’, చిక్కగా వచ్చేది ‘చీము’. కుట్లు ‘గుంజుతున్నయి’ అంటే లాగుతున్నాయని. మానే గాయంలో అది ఉండేదే. ‘సలుపు’ అంటే నాడి కొట్టుకున్నట్లు లోపలనుంచి వచ్చే నొప్పి. చీము గూడు కట్టేటప్పుడు వినిపించే మాట అది. ‘పోటు’, ‘మంట’, ‘తీపు’ దేనికదే. నొప్పిని సున్నా నుంచి పది వరకు అంకె వేయమని అడిగే పట్టీకన్న ‘గుంజుడా, సలుపా?’ అని అడిగే సిస్టరుకు ఎక్కువ సమాచారం దొరుకుతుంది.

మొదటి శతాబ్దపు రోమన్ రచయిత సెల్సస్ చెప్పిన ఎరుపు, వాపు, వేడి, నొప్పి అనే నాలుగు లక్షణాలు నేటికీ పాఠ్యపుస్తకాలలో ఉన్నాయి. వాటిలో ‘ఎరుపు’ను ఆరోగ్యసూచికలు ‘చర్మం ఎర్రబారుట’ అని యథాతథంగా దించుతాయి. చామనచాయ, నల్లని చర్మం మీద ఆ ఎరుపు తేలికగా కనిపించదు. చుట్టుపక్కల చర్మం కన్న ముదురుగానో, ఊదారంగుగానో కనిపిస్తుంది. తెలుగులో దానికి ‘కమలడం’ అన్న చక్కని క్రియ ఉంది. ‘కుట్ల పక్కన చర్మం కమిలినట్టుందా? చెయ్యి వెనుకవైపు ఆనిస్తే పక్కచోటు కన్న వేడిగా ఉందా?’ అన్నది ఇక్కడి శరీరాలకు సరిపోయే వాక్యం. తెల్లని చర్మం కోసం రాసిన వాక్యాన్ని తెలుగులోకి మార్చారు గాని తెలుగు దేహం మీదికి మార్చలేదు.

4. పచ్చి – ఎండు

తెలుగు ఇంట్లో గాయం గురించిన ఆలోచన అంతా ఒక జంట మీద నడుస్తుంది. కొత్త గాయం ‘పచ్చిగాయం’. మానని పుండు ‘పచ్చిపుండు’. కొత్తగా ప్రసవించిన స్త్రీ ‘పచ్చి బాలింత’. ఆమె ‘ఒళ్ళు పచ్చి’గా ఉంటుంది. ఇక్కడ పచ్చి అంటే ఉడకనిది, ఆరనిది, గట్టిపడనిది. దీనికి అవతలి గట్టు ‘ఎండు’. పుండు ‘ఎండింది’, ‘మాడింది’, ‘పక్కు కట్టింది’ అంటే మానిందని. మానడమంటే తడి పోవడమే. సిజేరియన్ అయిన స్త్రీలో ఈ భావన రెండింతలవుతుంది: ఒళ్ళూ పచ్చి, కుట్లూ పచ్చి.

ఈ ఊహ నుంచి ఆచారాలు తార్కికంగా పుడతాయి. తడి శత్రువు కనుక నీళ్ళు తగలనీయరు. ఆరబెట్టాలి కనుక పొడి చల్లుతారు: పసుపు, కాఫీపొడి, మందుల దుకాణంలో చెప్పి తెచ్చుకున్న యాంటీబయాటిక్ పౌడరు. ‘నీరు పట్టే’, ‘చీము పట్టే’ పదార్థాలు తిననీయరు: పప్పు, వంకాయ, గుడ్డు. ఇల్లు మారితే జాబితా మారుతుంది గాని ‘పప్పు తింటే చీము పడుతుంది’ అన్న మాట వినని తెలుగు ఇల్లు అరుదు. ఈ ఆచారాలను మూఢనమ్మకాలని కొట్టివేసే ఆరోగ్యప్రచారం ఒక విషయం మరిచిపోతుంది. ఇవి చెల్లాచెదురు నమ్మకాలు కావు. ఒకే రూపకం నుంచి కొమ్మలు వేసిన వ్యవస్థ. కొమ్మను నరికితే మరో కొమ్మ వస్తుంది.

దీని గ్రంథమూలాన్ని వెతికితే సుశ్రుతసంహిత సూత్రస్థానం 19వ అధ్యాయం ఎదురవుతుంది. గాయపడినవాడిని ఎలా చూసుకోవాలో చెప్పే అధ్యాయం అది. పడుకునే ఇల్లు, పక్క, గోళ్ళూ వెంట్రుకలూ కత్తిరించుకోవడం, తెల్లని శుభ్రమైన వస్త్రాలు, పది రోజులు పూటపూటా ఆవాలు, వేపాకు, నెయ్యి, ఉప్పు కలిపి వేసే పొగ, సమీపంలో ధైర్యం చెప్పే మిత్రులు ఇవన్నీ అందులో ఉన్నాయి. నేటి అర్థంలో ఇది చికిత్స కన్న పరిచర్యకు దగ్గర. భారతీయ భాషలలో నర్సింగ్ చరిత్ర రాసేవారు మొదట చదవవలసిన అధ్యాయాలలో ఇదొకటి. కొత్త ధాన్యం, మినుములు, నువ్వులు, ఉలవలు మొదలుకొని పెరుగు, పాలు, మజ్జిగ వరకు ఒక నిషిద్ధవర్గాన్ని చెప్పి, అది ‘పూయవర్ధన’మని, అంటే చీమును పెంచేదని, ఆ అధ్యాయం పేర్కొంటుంది. ‘పప్పు తింటే చీము’ అన్న ఇంటిమాటకు ఇంత స్పష్టమైన శాస్త్రీయ పూర్వరూపం ఉండటం గమనార్హం.

అయితే ఆ అధ్యాయం అక్కడ ఆగలేదు. తినదగినవాటిలో పాత బియ్యపు వేడి అన్నం, జాంగలమాంసం, లేత ముల్లంగి, వార్తాకం, పొట్ల, కాకర, దానిమ్మ, ఉసిరిక, పెసలు మొదలైనవాటి రసం ఉన్నాయి. వార్తాకమంటే వంకాయే. అంటే తెలుగు ఇల్లు శాస్త్రంలోని నిషేధాన్ని నిలుపుకొని, విస్తరించి, అనుమతిని వదులుకొంది. మినుములకు, ఉలవలకు చెప్పిన నిషేధం ‘పప్పు’ అన్న ఒక్క మాట కిందికి వచ్చి పెసరపప్పును, కందిపప్పును కూడా మింగింది. మాంసం అనుమతించబడినా పేద ఇంట్లో అది అందదు. చివరికి మిగిలేది చారన్నం. కొత్త కణజాలం అల్లుకోవడానికి మాంసకృత్తులు కావలసిన వారాలలో, సగానికి పైగా స్త్రీలు రక్తహీనతతో ఉన్న రాష్ట్రంలో, బాలింత పళ్ళెంలో ఉన్న ఏకైక మాంసకృత్తుల ఆధారాన్ని గాయం పేరుతో తీసివేయడం జరుగుతోంది. పాతబస్తీ ముస్లిం కుటుంబాలలో నలభై రోజుల ఛిల్లాకు నెయ్యి, గింజలు వేసి చేసే హరీరా వంటివి ఉండటం వల్ల అక్కడి సమస్య వేరుగా ఉంటుంది; అయితే టాంకేలకు నీళ్ళు తగలకూడదన్న భయం రెండుచోట్లా ఒకటే.

ఇదే అధ్యాయంలో మరొక విషయం ఉంది. రక్తమాంసాలను కోరే నిశాచరులు గాయపడినవాడిని సమీపిస్తారని, రక్షావిధి పాటించాలని అది చెబుతుంది. ఈ నిశాచరులే సూక్ష్మజీవులని చూపే రచనలు కొన్ని ఉన్నాయి. ఆ సమీకరణం గ్రంథానికీ న్యాయం చేయదు, సూక్ష్మజీవశాస్త్రానికీ న్యాయం చేయదు. ప్రాచీనుల గొప్పతనం వారు చూసినదానిలో వెతకాలి: గాయం బయటి నుంచి వచ్చేదానికి లోనవుతుందని, దానికి కాపలా కావాలని వారు గుర్తించారు. అంతవరకు చాలు.

ఆధునిక శాస్త్రం ‘ఎండు’ ఊహను నేరుగా ఢీకొన్నది 1962లో. జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు పందుల చర్మం మీద చేసిన పైపై గాయాలలో కొన్నిటిని పాలిథీన్ పొరతో కప్పి, కొన్నిటిని గాలికి వదిలి, ఫలితాలను నేచర్ పత్రికలో ప్రకటించాడు. కప్పి తేమగా ఉంచిన గాయాల మీద కొత్తచర్మం దాదాపు రెండింతల వేగంతో కమ్ముకొంది. పక్కు కట్టినచోట కొత్త కణాలు ఆ ఎండుపొర కిందికి దిగి దారి చేసుకోవలసి వచ్చింది. నేటి డ్రెస్సింగుల పరిశ్రమకు పునాది ఈ పరిశీలనే. కుట్లు వేసి మూసిన గాయం విషయంలో నియమం ఇంకా సరళం: ఆపరేషన్ గదిలో వేసిన శుభ్రమైన కట్టును తొలి రెండు రోజులు అనవసరంగా కదపకూడదు, 48 గంటల తర్వాత ఒంటిమీద నీళ్ళు పోసుకోవచ్చునని బ్రిటన్‌లోని నైస్ సంస్థ మార్గదర్శకాలు చెబుతాయి. నీళ్ళతో గాయాన్ని నానబెట్టడం వేరు, పైనుంచి నీళ్ళు జారిపోవడం వేరు. ఆ రెంటికీ తెలుగులో ‘నాననివ్వొద్దు’, ‘నీళ్ళు జారనివ్వొచ్చు’ అన్న స్పష్టమైన క్రియలున్నా ‘తడపరాదు’ అన్న ఒక్క నిషేధమే ప్రచారంలో ఉంది.

నర్సు ఇక్కడ చిక్కులో పడుతుంది. ‘గాయాన్ని పొడిగా ఉంచండి’ అని ఆమె కూడా చెబుతుంది. ఆమె ఉద్దేశం కట్టు చెమటతో, నీళ్ళతో నానకూడదని. ‘పొడిగా’ అన్న ఆ మాట ఇంట్లోని ‘ఎండు’ రూపకంలోకి వెళ్ళి పడగానే దాని అర్థం మారిపోతుంది. పొడిగా ఉంచడం పొడి చల్లడమవుతుంది. తెలుగులో ‘పొడి’ విశేషణమూ అవుతుంది, నామవాచకమూ అవుతుంది. ఒక్క శ్లేష ఇంత హాని చేయగలదని అలంకారశాస్త్రం ఊహించి ఉండదు.

5. అంటు ఎవరిది?

నివారణ విషయంలో తెలుగు పరిభాషకు ఎదురైన అసలు పరీక్ష ‘అసెప్సిస్’. దానికి ‘శుద్ధి’, ‘పరిశుభ్రత’, ‘నిర్మలీకరణ’ వంటి మాటలు వాడుతున్నారు. ఈ మాటల వెనుక తెలుగు సమాజంలో పాతుకొన్న మరో వ్యవస్థ ఉంది: అంటు, మైల, మడి, ముట్టు, పురుడు. ఈ వ్యవస్థలో మాలిన్యానికి ఒక దిశ ఉంది. అది బాలింతలో, రజస్వలలో, శవంలో, కులం పేరుతో ‘కింద’ నిలబెట్టిన మనిషిలో ఉండి ‘పై’వారిని అంటుతుంది. పురిటిమైల బాలింతది, ఆమెను ముట్టినవారు స్నానం చేయాలి.

అసెప్సిస్ ఈ దిశను తలకిందులు చేస్తుంది. 1847లో వియన్నా సార్వజనిక ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ గమనించినది ఇదే. శవపరీక్ష చేసి వచ్చిన వైద్యవిద్యార్థుల వార్డులో బాలింతలు సూతికాజ్వరంతో ఎక్కువగా చనిపోయారు. మంత్రసానుల శిక్షణ జరిగే వార్డులో మరణాలు తక్కువ. క్లోరిన్ కలిపిన సున్నపునీటితో చేతులు కడుక్కోవాలని నియమం పెట్టాక నూటికి పదికి మించి ఉన్న మరణాలు మరుసటి ఏడాదికి రెండులోపుకు తగ్గాయి. మైల బాలింతది కాదు, వైద్యుడి చేతిది. ఆనాటి పెద్దలు ఆయనను అంగీకరించకపోవడానికి గల కారణాలలో ఈ అవమానం కూడా ఒకటి. తెలుగు సమాజంలో దీన్ని బోధించడం మరింత కష్టం. ఎందుకంటే ఇక్కడి భాషలో చదువుకున్న చేయి, పెద్దకులపు చేయి, పెద్దడాక్టరు చేయి నిర్వచనం చేతనే శుభ్రమైనది. ‘పరిశుభ్రత పాటించండి’ అన్న సూచన రోగి మంచం ఎదుట గోడ మీదనే ఎక్కువగా కనిపించడంలో ఆ పాత దిశ ఇంకా పనిచేస్తోంది.

మరో లోపం వ్యాకరణానిది. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2009లో ప్రకటించిన చేతిశుభ్రత మార్గదర్శకాల సారమంతా ‘ఎప్పుడు’ అన్న ప్రశ్నలో ఉంది: రోగిని ముట్టుకోబోయే ముందు, కట్టు విప్పడం వంటి పనికి ముందు, రక్తమో చీమో తగిలిన తర్వాత, రోగిని ముట్టుకొన్న తర్వాత, రోగి చుట్టూ ఉన్న వస్తువులను ముట్టుకొన్న తర్వాత. ‘చేతులు శుభ్రంగా కడుక్కోవాలి’ అన్న తెలుగు వాక్యంలో ఎలా ఉంది, ఎప్పుడు లేదు, ఎవరు లేరు. ‘-బోయే ముందు’, ‘-న్నాక’ వంటి రూపాలతో కాలక్రమాన్ని ఇంత తేలికగా చెప్పగల తెలుగు, సూచనారచనకు వచ్చేసరికి కర్త లేని ‘వలెను’లోకి జారుకొంటోంది. ఒక రోగి కట్టు మార్చిన చేతితోనే పక్కమంచం ట్రే పట్టుకోవడంలో ఉన్న ప్రమాదాన్ని ‘శుభ్రంగా’ అన్న క్రియావిశేషణం చెప్పలేదు. ముప్పై మంది రోగులున్న వార్డులో ఒకరిద్దరు సిస్టర్లే ఉన్నప్పుడు ఆ ‘ఎప్పుడు’ను అయిదుసార్లు పాటించడం ఎలా అన్నది భాష తీర్చగల ప్రశ్న కాదు. అయినా ప్రశ్న అడగడానికైనా వాక్యంలో ఆ అయిదు సందర్భాలు ఉండాలి.

6. వికటించడం

పాతబస్తీకి ఆగ్నేయంగా, రంగారెడ్డి జిల్లాలో ఇబ్రహీంపట్నం ఉంది. అక్కడి ప్రభుత్వ సామాజిక ఆరోగ్యకేంద్రంలో 2022 ఆగస్టు 25న 34 మంది స్త్రీలకు డి.పి.ఎల్. పద్ధతిలో కుటుంబనియంత్రణ శస్త్రచికిత్సలు జరిగాయి. తరువాతి కొద్దిరోజుల్లో వారిలో నలుగురు మరణించారు. మిగిలినవారిని హైదరాబాదు ఆసుపత్రులకు తరలించారు. ఇన్‌ఫెక్షన్ కారణంగా చర్చకు వచ్చింది. ప్రభుత్వం విచారణ జరిపించి సిబ్బందిపై చర్యలు తీసుకొంది.

ఇటువంటి సంఘటనలను తెలుగు వార్తాభాష చెప్పే తీరులో ఒక క్రియ తప్పనిసరిగా ఉంటుంది: ఆపరేషన్ ‘వికటించి’. వంట వికటిస్తుంది, పరిహాసం వికటిస్తుంది, మందు వికటిస్తుంది. వికటించడం అకర్మకక్రియ. దానికి చేసినవారుండరు. ఒక పరికరం ఒక శరీరం నుంచి మరో శరీరానికి వెళ్ళే మధ్యలో ఎంతసేపు క్రిమిరహితం చేయబడింది, ఎన్ని శస్త్రచికిత్సలకు ఎన్ని పరికరాలున్నాయి, మరుసటి రోజు జ్వరం వచ్చినప్పుడు ఫోను ఎత్తినదెవరు అన్న ప్రశ్నలకు ఆ క్రియలో చోటులేదు. చేసినది విధి అన్నట్టు వాక్యం ముగుస్తుంది. దీనికి మరో కొసన ‘వైద్యుల నిర్లక్ష్యం’ అన్న పదబంధం నిలబడి ఉంటుంది. అది కర్తను చూపుతుంది గాని పనిని చూపదు. నిందకు, విధికి మధ్య ఉన్న ఆ ఖాళీలోనే నివారణ అంతా ఉంది. ఆ ఖాళీని వర్ణించే వాక్యాలు రాయడం పత్రికలకూ అలవాటు కాలేదు, విమర్శ కూడా ఇంతవరకు అడగలేదు.

యాంటీబయాటిక్ విషయంలోనూ కాలమే కీలకం. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2016 మార్గదర్శకాల ప్రకారం అవసరమైన శస్త్రచికిత్సలలో నివారణ మోతాదు కోతకు ముందు రెండుగంటలలోపు పడాలి. ఆపరేషన్ ముగిశాక నివారణ పేరుతో దాన్ని పొడిగించకూడదు. తెలుగు ఇంట్లో మాత్రం ‘పవరున్న మాత్ర’ తర్వాత వాడేదే. ఎక్కువ రోజులు వాడితే ఎక్కువ రక్షణ అన్న ఊహ కూడా ‘ఎండబెట్టడం’ నుంచి దూరమైనది కాదు.

7. ఇంటికి పంపే మాట

డిశ్చార్జి కాగితంలో సాధారణంగా మందుల పేర్లు, మళ్ళీ రావలసిన తేదీ ఉంటాయి. తేదీకి ముందే రావలసిన స్థితి ఏమిటో అందులో ఉంటే అది ఇంగ్లీషులోనో, సంస్కృతసమాసంలోనో ఉంటుంది. పై చర్చను అనుసరించి ఆ చోట ఉండదగిన తెలుగు ఇలా ఉండవచ్చు:

‘అమ్మా, రోజూ ఒకసారి వెలుతురులో కుట్లు చూడండి. చూడబోయే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. కొంచెం గుంజుడు ఉంటది, భయం లేదు. సలుపు పెట్టినా, చర్మం కమిలి వేడిగా ఉన్నా, చీము వచ్చినా, వాసన వచ్చినా, కుట్టు విడినా ఆ రోజే రండి. జ్వరంతో చలివణుకు, ఆయాసం వచ్చినా, మాట తడబడినా, మూత్రం తగ్గినా రాత్రయినా సరే రండి. ఏ పొడీ చల్లకండి. పప్పు, గుడ్డు పెట్టండి.’

పాతబస్తీలో దీని రెండవ ముఖం కూడా అవసరం: ‘టాంకోఁ మే పీప్ ఆయా తో, బుఖార్ ఆయా తో ఉసీచ్ దిన్ ఆనా, ఠైరో నక్కో.’ చీము వచ్చినా, జ్వరం వచ్చినా అదే రోజు రావాలి, ఆగవద్దు అని దీని భావం. ‘నక్కో’ దగ్గర ఉన్న బలం ‘ఆలస్యం చేయరాదు’లో లేదు.

ఈ వాక్యాలను సరిచూడవలసినది పరిభాషా సంఘం కన్న ముందు వాటిని రోజూ పలికే సిస్టర్లు, వినే అత్తలు. ‘పప్పు, గుడ్డు పెట్టండి’ అన్న చివరి మాట దగ్గర అభ్యంతరం తప్పక వస్తుంది. అప్పుడు కొట్టివేయడానికి బదులు, వ్రణితుడికి పెసల రసాన్నీ వంకాయనూ అనుమతించిన ఆ పాత అధ్యాయాన్ని గుర్తుచేయడం నర్సుకు అందుబాటులో ఉన్న వాదం. పథ్యం మాట పథ్యంతోనే సడలుతుంది కనుక, పెసరపప్పుతో మొదలుపెట్టమని చెప్పడం ఆమెకు సులువు, ఆ ఇంటికీ సులువు.